నాలుగున్నర అడుగుల్లో కారు

పోయిన వారం మనం వదిలి వచ్చేసరికి ఆ గ్యారేజీ నేల మీద తెల్ల పెయింటు ఇంకా తడిగానే ఉంది. ఈ వారానికి ఆరింది. గీత గీయించింది మేడ మీద ఉండే పెద్దాడపడుచు. వీధిలో అందరూ ఆవిణ్ణి మేజిస్ట్రేటు అంటారు. నిజానికి ఆవిడ కోర్టులో ముప్పై ఒక్క ఏళ్ళు బెంచి క్లర్కుగా చేసి రిటైరైన మనిషి. ఎందరో మేజిస్ట్రేట్లు వచ్చారు, బదిలీ మీద పోయారు. ఆవిడ మాత్రం వాళ్ళ పక్క కుర్చీలోంచి కదల్లేదు. చివరికి ఆ పేరు ఆవిడకే మిగిలింది.

"గీతకి అటు సగం మీది, ఇటు సగం నాది. ఆదివారం పొద్దున పదింటికి నా బండి వచ్చి నా సగంలో నిలబడుతుంది. మీ సగంలో నీ కారు పడితే ఉంచుకో. పట్టకపోతే ఊరవతల ఎక్కడైనా షెడ్డు చూసుకో." ఇదీ కింద వాటాలో ఉండే మరదలికి ఆవిడ ఇచ్చిన తీర్పు. తీర్పు చెప్పేసి, రెయిలింగు పట్టుకుని ఒక్కో మెట్టే ఎక్కి వెళ్ళిపోయింది.

ఆవిడ అడిగినదాంట్లో అన్యాయమేమీ లేదు. మోకాళ్ళు రెండూ మొరాయిస్తున్నాయి. మెట్లు ఎలాగో దిగుతుంది గాని, దిగాక వీధి మలుపుదాకా కూడా నడవలేదు. డాక్టరు మూడు చక్రాల బ్యాటరీ బండి కొనుక్కోమన్నాడు. దానికి నీడ కావాలి, ఛార్జింగుకి ప్లగ్గు కావాలి. గ్యారేజీ కట్టించిన తండ్రి దాన్ని కొడుక్కీ కూతురికీ చెరిసగం రాసి పోయాడు. ఎటు చూసినా న్యాయం ఆవిడ వైపే ఉంది. బస్సమ్మకి అసలు మంట అందుకే.

బస్సమ్మ అంటే ఆవిడ తమ్ముడి భార్య. ఇరవై రెండేళ్ళుగా బడి బస్సు నడుపుతోంది. బస్సెక్కే పిల్లలు పెట్టిన పేరు ఇంట్లోకీ వచ్చేసింది. నలభై సీట్ల బండిలో ఇతరుల పిల్లల్ని కూర్చోబెట్టుకుని, ప్రతి సందు మొదట్లోనూ ఆపి, హారన్ కొట్టి, వాటర్ బాటిలు మర్చిపోయినవాడి కోసం మళ్ళీ ఆపి, అలా సగం జీవితం గడిపింది. ఆవిడకి ఒకటే కోరిక. రెండే సీట్లుండాలి, తన చేత్తో కట్టిందై ఉండాలి, ఎక్కడా ఆపనక్కర్లేని బండి అయి ఉండాలి. సొంతంగా బండి కట్టుకునేవాళ్ళకి రవాణా ఆఫీసు ఇచ్చే గడువు నాలుగేళ్ళు. అందులో ఆ ఆదివారానికి మిగిలేవి ఇరవై రెండు రోజులే. ఆఖరి రోజు తనిఖీ ఆఫీసరు వస్తాడు. అప్పటికి కారు నాలుగు చక్రాల మీద తిన్నగా నడిస్తే రోడ్డెక్కుతుంది. లేకపోతే పాత ఇనుప సామాన్లవాడి లారీ ఎక్కుతుంది. ఇప్పుడు ఊరవతల షెడ్డుకి తరలించడమంటే రోజూ పోనూ రానూ రెండు గంటలు రోడ్డుకి సమర్పించుకోవడమే. ఆవిడ పగలంతా నడిపేది బస్సు, మిగిలేవి సాయంత్రాలు. లెక్క వేసుకుంది, చాలవు.

"షెడ్డూ లేదు, గిడ్డూ లేదు. నా సగంలోనే పట్టిస్తాను," అంది మొగుడితో.

"గ్యారేజీ తొమ్మిది అడుగులు. సగం నాలుగున్నర. నీ కారు వెడల్పే ఐదడుగులు," అన్నాడు మాత్రలాయన. మందుల షాపు ఆయనది. నిజం చెప్పాలంటే గ్యారేజీలో పావు వంతు ఆయన అట్టపెట్టెలూ, ఆయన మందుల ఫ్రిజ్జూ ఆక్రమించి ఉన్నాయి. ఆ పావు వంతు సంగతి ఆ వారమంతా ఆయన నోటివెంట రాలేదు.

"పడుకోబెడితే ఐదు. నిలబెడితే?" అంది బస్సమ్మ.

ఆ వారం ఆవిడ ఏం చేసిందో వివరంగా చెబితే ఈ పత్రిక చాలదు. టూకీగా చెబుతాను. కారు పైతొడుగుని, అంటే ఫైబరు బాడీని, అడుగున ఉండే ఇనుప చట్రం ఛాసీ నుంచి ఊడదీసింది. సీలింగులో రెండు కొక్కేలు దిగ్గొట్టి, రెండు కప్పీలు వేసి, బాడీని తాళ్ళతో పైకి లాగేలా చేసింది. డిపోలో పారేసిన పాత బస్సు సీట్ల ఇనుప కాళ్ళు తెచ్చి, కోసి, అతికి, చక్రాల స్టాండు ఒకటి కట్టింది. ఛాసీని దాని మీద బిగిస్తే మంచాన్ని గోడవారగా నిలబెట్టినట్టు నిలబెట్టొచ్చు. శనివారం సాయంత్రానికి ఆవిడ అరచేతుల్లో చర్మం లేదు. మొహంలో మాత్రం బెంగ లేదు.

ఆదివారం సరిగ్గా పదింటికి మేజిస్ట్రేటు ఎర్రటి మూడు చక్రాల బండి మీద వాకిట్లోకి వచ్చింది. బండికి ముందు చిన్న బుట్ట, బుట్టలో టేపు, చేతికర్ర, కళ్ళజోడు పెట్టె. ఇంజిను చప్పుడే లేదు కాబట్టి వచ్చిన సంగతి ఆవిడ గొంతు విన్నాకే తెలిసింది.

"పది అయింది అమ్మాయ్."

"రండి వదినా. మీకోసమే చూస్తున్నా," అంది బస్సమ్మ తాడు పట్టుకుని.

మాత్రలాయన రెండో తాడు పట్టుకున్నాడు. ఆయనకి ఈ వ్యవహారంలో ఎవరి పక్షమూ లేదు. అక్కకి కాఫీ, భార్యకి తాడు, రెండూ అందించి ఊరుకునే మనిషి. ఇద్దరూ కలిసి లాగారు. ఆకుపచ్చ బాడీ ఊగుతూ పైకి లేచి, సీలింగుకి జానెడు కింద ఆగింది. అది నాలుగున్నర అడుగుల్లో పట్టే సరుకు కాదు కదా. గీత దాటి మేజిస్ట్రేటు సగంలోకి ఓ అర అడుగు వేలాడింది.

"అదేంటి, నా సగంలోకి వచ్చింది," అంది మేజిస్ట్రేటు.

"మీరు గీత నేల మీదే కదా గీయించారు వదినా. గాలిలో గీయించలేదుగా."

"నేల ఎవరిదో పైన గాలీ వాళ్ళదే. అలాంటి కేసులు బోలెడు చూశాను."

"ఆ కేసుల్లో చివరికి ఏం తేల్చారు?"

"తేలడానికి ఏళ్ళూ పూళ్ళూ పట్టింది."

"మనకి ఇరవై రెండు రోజులే ఉన్నాయి."

మేజిస్ట్రేటు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. నవ్వు వచ్చినప్పుడు ఆవిడ చేసే పని అదే అని ఇంట్లో వాళ్ళకి తెలుసు. బండి నడుపుకుంటూ బాడీ అంచు కిందకి వెళ్ళి, కూర్చున్నచోటు నుంచే చేతికర్ర నిటారుగా పైకెత్తింది. కర్ర తగల్లేదు.

"కర్రకి అందనంతవరకు ఒప్పుకుంటున్నా," అని వెనక్కి వచ్చేసింది.

ఇక ఛాసీ వంతు. వాకిట్లోకి తోసి, చక్రాలు ఊడదీసి, స్టాండుకి బిగించి, బస్సమ్మ ఓ పక్క, మాత్రలాయన ఓ పక్క పట్టి లేపారు. ఎడమ పక్క పైకి, కుడి పక్క కిందికి వచ్చేలా ఛాసీ మొత్తం అంచు మీద నిలబడింది. చక్రాలు తీసేసినా ముందూ వెనకా ఇరుసులు దానికే ఉన్నాయి. అలా చూస్తే అది కారులా లేదు, ఎవరో గోడకి తగిలించబోతున్న ఇనుప పటంలా ఉంది.

మేజిస్ట్రేటు టేపు అందించింది. బస్సమ్మ కొలిచింది. స్టాండుతో సహా మూడడుగుల రెండంగుళాలు. మేజిస్ట్రేటు నమ్మలేదు, టేపు రెండో కొస తనే పట్టుకుని మళ్ళీ కొలిపించింది. మూడడుగుల రెండంగుళాలే.

"ఇంకా అడుగు పైనే మిగిలింది వదినా. నేను నిలబడి పని చేసుకోడానికి."

"పట్టింది," అంది మేజిస్ట్రేటు. గెలిచిన పక్షానికి కాగితం అందిస్తున్న గొంతుతో అంది. "సరే, పట్టింది. నీ సగంలో నువ్వు, నా సగంలో నేను."

బస్సమ్మ చెయ్యి నడుము మీద పెట్టుకుని గట్టిగా ఊపిరి వదిలింది. గెలిచానన్న సంతోషం పట్టలేక మొగుడి వీపు మీద ఒక్కటి చరిచింది కూడా. ఆయన దగ్గు తెచ్చుకున్నాడు.

మేజిస్ట్రేటు మాత్రం కదల్లేదు. పది అడుగుల దూరంలో బండి మీద కూర్చుని, తల కొంచెం పక్కకి వంచి, ఆ ఇనుప పటాన్నే చూస్తోంది.

"ఆ కడ్డీ వంకరగా ఉంది," అంది.

"ఏ కడ్డీ?"

"అదే. వెనక వైపుది. ముందుది తిన్నగా నిలబడింది. ఇది కింద ఇటు జరిగింది."

"అది వెనక ఇరుసు. వంకరేం లేదు వదినా. మీరు కూర్చున్న చోటు నుంచి అలా కనపడుతోంది."

"ముప్పై ఒక్క ఏళ్ళు కాగితాలకి మార్జిన్లు గీశాను. నేనెక్కడ కూర్చున్నా వంకర వంకరే."

బస్సమ్మ లోపలికి వెళ్ళి దారానికి కట్టిన ఇనుప గుండు తెచ్చింది. వదిన నోరు మూయించడానికే తెచ్చింది. ఇరుసు పై కొసకి దారం పట్టి గుండు కిందికి వదిలింది. గుండు ఊగి ఊగి ఆగింది. కింది కొస దగ్గర దారానికీ ఇరుసుకీ మధ్య బొటనవేలు పట్టేంత సందు ఉంది. ముందు ఇరుసుకి అలాగే పట్టి చూసింది. అక్కడ దారం ఇరుసుని ఆనుకునే ఉంది.

బస్సమ్మ టేపు తీసుకుని ముందు ఇరుసు నుంచి వెనక ఇరుసుకి ఎడమ పక్క కొలిచింది. రెండు వేల రెండు వందల నలభై మిల్లీమీటర్లు, నక్షాలో ఉన్నట్టే. కుడి పక్క కొలిచింది. పంతొమ్మిది తక్కువ. మళ్ళీ కొలిచింది. మళ్ళీ పంతొమ్మిదే తక్కువ.

అప్పుడు ఆవిడకి అర్థమైంది. ఆ కారు ఆ గ్యారేజీలో నాలుగేళ్ళూ కుడి పక్క గోడకి జానెడు దూరంలోనే ఉంది. ఎడమ పక్క మనిషి నిలబడేంత చోటుండేది. కుడి పక్క పని ఎప్పుడూ పడుకుని, చెయ్యి దూర్చి, తడుముకుంటూ చేసిందే. ఆ పక్క టేపు చాచడానికే వీలు లేదు. వెనక ఇరుసు అతికాక సొంత కారు కుడి పక్కని ఒక్కసారి కూడా జానెడు కంటే దూరం నుంచి ఆవిడ చూడలేదు. మొట్టమొదటిసారి దూరం నుంచి చూసిన మనిషి కారంటే ఏంటో తెలియని ఆడపడుచు.

"ఏమవుతుంది?" అంది మేజిస్ట్రేటు.

"స్టీరింగు వదిలితే ఒక పక్కకి లాగేస్తుంది. తనిఖీ ఆయన మొదట కొలిచేదే ఇది," అంది బస్సమ్మ. ఆవిడ గొంతు ఆవిడకే వినపడనంత చిన్నగా వచ్చింది. "కానీ నా కొలత తప్పదు. నేల మీద నాలుగు సుద్ద గుర్తులు గీశాను. ఒక్కో చక్రానికి ఒక్కో గుర్తు. మూలకి మూల ఆరుసార్లు కొలిచి మరీ గీశాను. మర్నాడు సాయంత్రం ఛాసీని తెచ్చి వాటి మీద నిలబెట్టి, గుండు వదిలి, గుర్తు మీద పడేలా చూసి వెల్డింగ్ చేశాను. తప్పెలా వస్తుంది?"

మాత్రలాయన ఖాళీ కాఫీ కప్పులు రెండూ తీసుకుని ఇంట్లోకి నడవబోయాడు. ఆయనకి కప్పులు తియ్యాలని తోచడం పెళ్ళయ్యాక అదే మొదటిసారి.

"ఒరేయ్, ఆగు," అంది అక్క.

ఆయన ఆగాడు.

"మర్నాడు సాయంత్రం అంది. ఆ పగలంతా నువ్వెక్కడున్నావు?"

ఆయన కప్పులు అరుగు మీద పెట్టి, భార్య వైపు కాకుండా ఛాసీ వైపు చూస్తూ చెప్పాడు. "నువ్వు బడి పిల్లల్ని విహారయాత్రకి తీసుకెళ్ళిన రోజు అది. రెండేళ్ళ కిందట. ఛాసీ వాకిట్లో టార్పాలిన్ కింద పెట్టి వెళ్ళావు. లోపల చోటు ఖాళీగా ఉంది కదా అని మందుల ఫ్రిజ్జు ఆ రోజే తెప్పించా. గోడ పక్క నుంచి లోపలికి ఈడ్చుకుంటూ పోయాం. వెనక చక్రం గుర్తు చెరిగిపోయింది."

"చెరిగిపోతే?"

"మళ్ళీ గీశా."

"దేంతో కొలిచి?"

"కంటితో. అక్కడే ఉండేదని గుర్తుంది కదా అని."

"షాపులో మందులు కూడా కంటితోనే కొలిచి ఇస్తారా?"

ఆయన తల దించుకున్నాడు. "నువ్వు తిడతావని భయపడ్డా. చిన్న సుద్ద గీతేగా అనుకున్నా."

"రెండేళ్ళ నుంచీ మీకు తెలుసా?"

"వంకరని తెలీదు. చెరిగిందని తెలుసు."

బస్సమ్మ ఆ క్షణంలో ఆయన్ని ఏమైనా అనొచ్చు. అనడానికి ఆవిడ దగ్గర ఇరవై ఏడేళ్ళ సంసారం పోగేసిన సరుకుంది. ముంచుకొచ్చింది మాత్రం ఏడుపు. రెండేళ్ళ సాయంత్రాలన్నీ ఆ తప్పు గుర్తు మీదే పేర్చుకుంటూ పోయింది తను. ఆవిడ ఏడుపుని మింగేసి, ఛాసీ చుట్టూ ఒకసారి తిరిగింది. వెనక కుడి బ్రాకెట్టు దగ్గర వంగి, వేలితో వెల్డింగ్ అతుకుని తడిమింది. గట్టి అతుకు అది. బాగా చేసిన అతుకు.

"కొయ్యాలి," అంది నిలబడి.

"ఎంత పని?" అంది మేజిస్ట్రేటు.

"బ్రాకెట్టు కోసి, సరైన చోట పెట్టి, మళ్ళీ అతకాలి. ఇరుసు విప్పి మళ్ళీ బిగించాలి. పది రోజులు. మిగతా పన్నెండు రోజుల్లో ఇంజినూ, వైర్లూ, బ్రేకులూ. ముక్కుతూ మూలుగుతూ సరిపోతాయి."

"అయితే మొదలుపెట్టు. నీ సగంలో నీకు అడుగు పైనే చోటుందన్నావుగా."

బస్సమ్మ తెల్ల గీత వైపు చూసింది. పావుగంట కిందట ఈ వాకిట్లోనే నాలుగున్నర అడుగులు చాలని నిరూపించింది తను. ఇప్పుడు అదే మనిషి ముందు చెయ్యి చాచాలి.

"నిలబెట్టి ఈ పని చెయ్యలేను వదినా," అంది. "ఛాసీని నేల మీద మట్టంగా పరవాలి. నాలుగు పక్కలా నడవాలి. రెండు పక్కలా టేపు చాచాలి. మళ్ళీ గోడకి ఆనించి చేస్తే మళ్ళీ ఇదే తప్పు చేస్తా. నాకు తొమ్మిది అడుగులూ కావాలి. పది రోజులు."

మేజిస్ట్రేటు తన కొత్త బండి హ్యాండిలుని రెండు చేతులతో పట్టుకుంది. పైన ఆకాశం నల్లగా కమ్ముకుంటోంది. ఆ బండి తడిస్తే పనికిరాదని అమ్మినవాడు మరీ మరీ చెప్పి పంపాడు.

"అంటే నా బండి బయట ఉండాలి."

"టార్పాలిన్ నాది ఇస్తా. మూడు మడతలు కప్పుతా. ప్లగ్గు కిటికీలోంచి లాగుతా. మీరు ఎక్కడికి వెళ్ళాలన్నా చెప్పండి, బస్సు డ్యూటీ లేనప్పుడు నేనే తీసుకెళ్తా."

"దేంట్లో? ఆ నిలబెట్టిన మంచంలోనా?"

బస్సమ్మకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. మేజిస్ట్రేటు తమ్ముడి వైపు తిరిగింది.

"నీ ఫ్రిజ్జు, నీ అట్టపెట్టెలు, అన్నీ ఇప్పుడే మీ పడగ్గదిలోకి చేర్చు. ఒక్క పెట్టె కూడా ఇక్కడ కనపడకూడదు. వాటి పక్కనే పడుకో. ఈ పది రోజులూ నువ్వు సుద్ద ముట్టుకోకూడదు." తర్వాత మరదలి వైపు తిరిగింది. "గుర్తులు నువ్వు గియ్యి. గీశాక నన్ను పిలువు. నేను ఇక్కడి నుంచి చూసి సరే అన్నాకే అతుకు. పదకొండో రోజు పదింటికి నా బండి లోపల ఉండాలి. ఇందులో మార్పు లేదు."

"ఉంటుంది వదినా," అంది బస్సమ్మ. ఈవిణ్ణి వారం రోజులుగా మనసులో ఎన్ని తిట్లు తిట్టుకుందో గుర్తొచ్చి సిగ్గేసింది.

ఆ తర్వాత గంటసేపు వాకిట్లో మాటల్లేవు, పనే. మాత్రలాయన పెట్టె తర్వాత పెట్టె మోశాడు. ఫ్రిజ్జు మొయ్యడానికి పక్కింటాయన సాయం వచ్చాడు. ఈసారి నేలకి తగలకుండా ఎత్తి మరీ పట్టారు. బస్సమ్మ ఛాసీని స్టాండు మీద నుంచి దించి, తెల్ల గీతకి అటూ ఇటూ పరుచుకునేలా గ్యారేజీ నడిమధ్యన నాలుగు దిమ్మల మీద పెట్టింది. చుట్టూ ఒక ప్రదక్షిణ చేసింది. కుడి పక్కన చేతులు చాపి నిలబడింది. నాలుగేళ్ళలో అక్కడ నిలబడటం అదే మొదలు.

ముందు ఇరుసు కుడి కొస దగ్గర టేపు పెట్టింది. అక్కడి నుంచి వెనక్కి రెండు వేల రెండు వందల నలభై కొలిచి, పాత బ్రాకెట్టుకి కాస్త వెనకగా కొత్త గుర్తు గీసింది. మేజిస్ట్రేటు వాకిట్లోంచి తల ఊపింది. బస్సమ్మ కళ్ళద్దాలు దించుకుని, చేతి తొడుగులు వేసుకుని, కటింగ్ గ్రైండరు అందుకుంది. స్విచ్చి నొక్కింది. చక్రం గుయ్యిమంటూ తిరిగింది. ఒకసారి కోస్తే మళ్ళీ వెనక్కి రావడం ఉండదు. ఆవిడ బ్రాకెట్టు మీదకి వంగింది.

గుమ్మంలో మాత్రలాయన ఆఖరి పెట్టె రెండు చేతులతో పట్టుకుని నిలబడి ఉన్నాడు. లోపలికి పోడు, పక్కకి తప్పుకోడు. బస్సమ్మ చూసింది. స్విచ్చి ఆపింది. చక్రం మెల్లగా ఆగింది.

"ఇంకా ఏంటి?"

ఆయన పెట్టెని కొంచెం పైకి జరుపుకున్నాడు, మొహం దాని వెనక దాచుకోవడానికన్నట్టు.

"ముందు చక్రం గుర్తు సంగతి కూడా ఇప్పుడే చెప్పెయ్యనా," అన్నాడు. "లేకపోతే అది కోశాక చెప్పనా?"